పక్కింటి వైఫై: పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన సరిపోతుందా?

మీరు అడిగిందేమిటో ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. నెల్లూరు వేదాయపాళెంలో అద్దెకుంటున్నారు. గోడకి ఆనుకునే పక్కిల్లు. పదో తరగతి చదివే మీ అబ్బాయికి వాళ్లబ్బాయే వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఎండాకాలం సెలవుల నుంచి మీ ఇంట్లో ఫోన్లూ టీవీ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఆ ఇంటి పెద్దవాళ్లకి తెలీదు. ఈమధ్య ఆ ఇంటాయన నెట్ స్లో అయిందంటూ ఆపరేటర్ మనిషిని పిలిపిస్తున్నాడు. మీ ఆయన ఇది దొంగతనం అంటున్నారు. మీరేమో "వాళ్లది అన్‌లిమిటెడ్ ప్లానే గదా, మన పెరట్లోకి వంగిన మునగకొమ్మకి నాలుగు కాయలు కోసుకుంటే దొంగతనమా" అంటున్నారు. కేసు అవుతుందా, ఇప్పుడేం చేయాలి, ఇదీ ప్రశ్న.

నేను కావలి వైపు కేబుల్ టీవీతో మొదలుపెట్టి, ఇప్పుడు ఫైబర్ నెట్ కనెక్షన్లు చూసుకునేవాణ్ణి. వకీలుని కాను. కానీ ఈ పనిలో ఉన్నవాడికి పోలీసు లెటర్లు, పక్కింటి తగాదాలు రెండూ తప్పవు కాబట్టి చట్టం కొంత చదువుకోవాల్సి వచ్చింది.

మీ ఆయన అన్న దొంగతనం అనే మాట చట్టప్రకారం దీనికి అతకదు. అలాగని మీ వాదన గెలిచినట్టూ కాదు, ఇది ఇంకో సెక్షన్ కిందికి వస్తుంది. ఇరుగుపొరుగు మధ్య ఇలాంటివి మామూలుగా కేసు దాకా పోవు. నాకు కేసుకంటే పెద్దగా కనిపించేది వేరే ఉంది. మీ ఇంట్లోంచి ఆ నెట్ మీద ఎవరు ఏం చేసినా రికార్డులో పడేది పక్కింటాయన పేరు. ఆ సంగతి ఆయనకి తెలీదు. నా దృష్టిలో అసలు తప్పు అదే.

మునగకొమ్మ సంగతి చూద్దాం. సిగ్నల్ మీరు పిలవకుండానే మీ ఇంట్లోకి వస్తోంది, నిజమే. అయితే వైఫై అనేది వచ్చింది అందుకుని ఊరుకునే వ్యవహారం కాదు. మీ ఫోన్ వాళ్ల రూటర్‌ని పలకరిస్తుంది, పాస్‌వర్డ్ తెలుసని చూపించుకుంటుంది, రూటర్ దానికొక అడ్రస్ ఇస్తుంది. అప్పట్నుంచి మీరు ఏ వీడియో నొక్కినా ఆ అడగడం ముందు వాళ్ల హాల్లోకి పోయి, వాళ్లు డబ్బు కట్టే తీగ మీదుగా బయటికి వెళ్లి, జవాబు మళ్లీ అదే దారిన వస్తుంది. కొమ్మ మీ వైపు వంగలేదు, మీరే గోడ దాటి చెట్టెక్కుతున్నారు.

ఇక అన్‌లిమిటెడ్. ఈ మాట అమ్మేది మేమే కాబట్టి చెప్తున్నా, దానికీ ఒక హద్దు ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ఇళ్ల ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకి 3,300 జీబీ దాటితే స్పీడు పడిపోతుంది. రెండు కుటుంబాలు కలిసి చూసినా అంత దాటడం కష్టమే, అక్కడి దాకా మీ లెక్కలో తప్పేం లేదు. కానీ ఆయన నెట్ స్లో అవుతోందంటే దానికి కారణం మీరే కావడానికి చాలా అవకాశం ఉంది, అదెలాగో చూడండి.

వైఫైలో ఒక ఛానల్ మీద, అంటే రూటరూ ఫోన్లూ మాట్లాడుకునే గాలిలోని దారి మీద, ఒకళ్లు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. మన ఇళ్లలో రూటర్ ఎక్కడుంటుంది? హాల్లో టీవీ పక్కన. ఆ గదిలో ఉన్న ఫోన్‌కి సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, చిటికెలో పని ముగించుకుని పక్కకి తప్పుకుంటుంది. మీ ఫోన్ రెండు గోడల అవతల, ఒకటి రెండు గీతల సిగ్నల్ మీద ఉంటుంది. అంత బలహీనంగా ఉన్నప్పుడు అది నెమ్మదిగానే మాట్లాడగలదు. అదే వీడియో ముక్క తెచ్చుకోడానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు ఛానల్‌ని పట్టుకుని కూర్చుంటుంది. అంతసేపూ సొంత ఇంట్లోవాళ్లు ఆగాల్సిందే. పైగా గోడలు దాటి దూరం వచ్చేది 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్, పాత టీవీలూ చవక ఫోన్లూ అన్నీ పోగయ్యేదీ దాని మీదే. అందుకే డేటా కొంచెమే వాడుకున్నా పక్కింటి ఫోన్ ఇల్లంతటినీ స్లో చేయగలదు. ఆయన పిలిచినప్పుడల్లా ఆపరేటర్ కుర్రాడు వచ్చి, బాక్సు మీద ఎర్రలైటు లేదని చూసి, ఫైబర్‌లో పవర్ చూసి, "మా వైపు అంతా కరెక్టే సార్" అని పోతూ ఉంటాడు. అతను చెప్పేది నిజం. విసుగెత్తి ఆయన పెద్ద ప్లానుకి మారాడనుకోండి, ఆ అదనపు డబ్బు మీ ఖాతాలోదే.

ఇప్పుడు పేరు సంగతి. మా వైపు జరిగింది ఒకటి, మనుషులెవరో తెలియకుండా చెప్తాను. రిటైరైన టీచరు ఒకాయన, పై వాటాలో పోటీ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్లు. కుర్రాళ్లు అడిగితే ఈయన మంచితనం కొద్దీ పాస్‌వర్డ్ ఇచ్చాడు. కొన్నాళ్లకి ఎవరో అమ్మాయి ఫోటోలతో దొంగ ఖాతా తెరిచి పిచ్చి రాతలు రాశారని ఫిర్యాదు వెళ్లింది. ఖాతా ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో కనెక్షన్‌ని గుర్తించే నంబరు) నుంచి, ఏ తేదీన, ఏ టైముకి తెరిచారో పోలీసులు తెప్పించుకున్నారు. బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామంది కస్టమర్లు పంచుకోవడం మామూలే, కాబట్టి ఆ పంచుకునేవాళ్లని విడదీసి చూపే పోర్టు నంబరు, టైము సెకన్లతో సహా సరిచూస్తారు. ఈ రికార్డుల్ని కంపెనీలు కనీసం రెండేళ్లు దాచిపెట్టాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతులు మార్చారు. అంతా చూసుకుంటూ వస్తే లెక్క కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆ గుమ్మం ముందు ఆగుతుంది. ఆ ఇంట్లో ఎవరు, ఏ గదిలోంచి అన్నది అందులో ఉండదు.

ఆ మాస్టారికి సోషల్ మీడియాలో ఖాతానే లేదు. అయినా ఆయన ఫోనూ, భార్య ఫోనూ తీసుకెళ్లారు, స్టేషన్‌కి తిప్పారు. చివరికి తేలింది ఏమిటంటే పై వాటా కుర్రాళ్ల దగ్గరికి వచ్చిపోయే స్నేహితుడొకడి పని అది. మాస్టారు పాస్‌వర్డ్ ఇచ్చింది కుర్రాళ్లకి, వాళ్లు దాన్ని ఇంకొకడికి ఇచ్చారు. ఆయన మీద ఏమీ లేదని తేలాక కూడా వీధిలో ఆ చూపులు పోవడానికి చాలాకాలం పట్టింది. మన ఊళ్ల సంగతి తెలుసుగదా.

దేశం మొత్తం చూసిన ఉదాహరణ 2008లోది. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకి కాస్త ముందు టీవీ చానళ్లకి ఒక బెదిరింపు మెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ పట్టుకుని వెళ్తే నవీ ముంబైలో అద్దెకుండే ఒక అమెరికన్ ఇల్లు తేలింది. కంప్యూటర్లు తీసుకెళ్లారు, ప్రశ్నించారు. ఆయన వైఫైని బయటివాళ్లు వాడుకున్నారని తర్వాత తేలింది. ఆ తర్వాతే, 2009లో, వైఫైని ఎవరు వాడుతున్నారో తెలిసేలా ఉండాలని టెలికాం శాఖ సూచనలిచ్చింది. రైల్వే స్టేషన్‌లో ఉచిత వైఫైకి కూడా ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతారే, ఎందుకనుకున్నారు? అక్కడ ఎవరు వాడితే వాళ్ల పేరే రికార్డులో పడుతుంది. మీ విషయంలో లేనిది అదే.

చట్టానికొస్తే, 2000 నాటి ఐటీ చట్టంలో 43వ సెక్షన్ చూడాలి. కంప్యూటర్ నెట్‌వర్క్ యజమాని లేదా దాని బాధ్యత చూసే వ్యక్తి అనుమతి లేకుండా అందులోకి ప్రవేశిస్తే నష్టపరిహారం కట్టాలని ఉంది అందులో. పాస్‌వర్డ్ ఉందా లేదా అన్న మాట ఆ సెక్షన్‌లో లేదు, అనుమతి గురించే ఉంది. కాబట్టి "తాళం వేసుకోలేదు గదా, వాళ్లదే తప్పు" అని ఓపెన్ వైఫై వాడేవాళ్లు చెప్పే సాకు కూడా అంత గట్టిగా నిలవదు. అదే పని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్: మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకొకరి పాస్‌వర్డ్‌ని దురుద్దేశంతో వాడితే 66సీ, అందులోనూ జైలు మూడేళ్ల దాకా, జరిమానా లక్ష దాకా. ఇవి బెయిల్ దొరికేవే. దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి.

దొంగతనం ఎందుకు కాదంటే, దొంగతనం సెక్షన్ కదిలించి తీసుకుపోగలిగే వస్తువు కోసం రాసింది. కరెంటుకీ ఇదే చిక్కు వస్తే దానికి వేరే చట్టం పెట్టుకున్నారు, ఇప్పుడు కరెంటు చౌర్యం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద నడుస్తోంది. నెట్‌కి అలా ప్రత్యేకంగా ఏమీ లేదు, ఐటీ చట్టంతోనే సరిపెడతారు.

మరి మీ విషయంలో దురుద్దేశం ఉందా? పిల్లలిద్దరూ ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు, హ్యాకింగ్ ఏమీ లేదు, కాబట్టి జైలు మాట ఎత్తి మిమ్మల్ని భయపెట్టను. నష్టపరిహారం అడగాలన్నా దానికి విచారణాధికారి మండలంలోనో జిల్లాలోనో ఉండడు, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ఆ బాధ్యత చూస్తాడు. నెల బిల్లులో వాటా కోసం అక్కడిదాకా ఎవరు పోతారు? అయితే "వాళ్లబ్బాయే ఇచ్చాడు" అన్నది మిమ్మల్ని పూర్తిగా కాపాడుతుందని అనుకోకండి. చట్టం అడిగేది యజమాని అనుమతి లేదా బాధ్యత చూసేవారి అనుమతి. పదిహేనేళ్ల కుర్రాడు తన స్నేహితుడికి ఒక పూట గేమ్ ఆడుకోడానికి ఇచ్చింది వేరు, ఆ పాస్‌వర్డ్‌ని మీ టీవీలో కొట్టి నెలల తరబడి సీరియళ్లు చూడటం వేరు. రెండోది పిల్లల పని కాదు, మీ పని.

బయటి దేశాల్లో దీన్ని ఇంకా గట్టిగా చూశారు. సింగపూర్‌లో పక్కింటి వైర్‌లెస్ నెట్ వాడుకున్నందుకు 17 ఏళ్ల కుర్రాడికి 2007లో 18 నెలల ప్రొబేషన్ వేశారు. జర్మనీలో 2010లో అక్కడి అత్యున్నత కోర్టు, వైఫైకి సరైన పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే దాన్ని వాడి ఇంకెవరో చేసిన పనికి యజమాని కూడా వంద యూరోల దాకా కట్టాల్సి రావచ్చని అప్పట్లో అంది, 2017లో అక్కడి చట్టం మారింది. మనకి అవి వర్తించవు, కానీ వాడినవాడి మీదికే కాదు, చూపు యజమాని మీదికి కూడా మళ్లవచ్చని గమనించండి.

తప్పా ఒప్పా అన్న దానికి నేను పెద్ద సూత్రాలు చెప్పను. ఆ ఇంటావిడ ఏ పెసరట్టుపిండో ఇవ్వడానికి మీ ఇంటికి వచ్చినప్పుడు, టీవీలో నడుస్తున్న యూట్యూబ్ ఆపేస్తున్నారా? ఆపేస్తుంటే జవాబు మీకు ఎప్పుడో తెలుసు.

ఇంకో సంగతి, ఇది మీ మేలు కోసం. మీరు వాళ్ల నెట్‌వర్క్‌లో ఉంటే వాళ్లకి మీరూ, మీకు వాళ్లూ కనబడతారు. రూటర్ పేజీలో ఏ ఫోన్లు తగులుకున్నాయో జాబితా ఉంటుంది, పేర్లతో సహా. చాలా సైట్లు ఇప్పుడు గుప్తంగానే నడుస్తాయి కాబట్టి మీ మెసేజ్‌లు చదవలేరు, కానీ తెలిసినవాడు చూస్తే ఏయే సైట్లకి వెళ్తున్నారో కొంత తెలుస్తుంది. దొరికిపోయే తీరు మాత్రం ఎక్కువగా వేరే. ఫోన్‌లో యూట్యూబ్ చూస్తూ టీవీ బొమ్మ గుర్తు నొక్కితే అదే వైఫై మీదున్న టీవీలన్నీ జాబితాలో వస్తాయి. మాకు తెలిసిన ఒక ఇంట్లో అలాగే, రాత్రి అందరూ సీరియల్ చూస్తుంటే టీవీ దానంతటది ఆగిపోయి ఐటెం సాంగ్ మొదలుపెట్టింది. దెయ్యమనుకున్నారు పాపం. పక్కింటి కుర్రాడు తమ టీవీ అనుకుని వీళ్ల టీవీ నొక్కాడు. ఆ రాత్రికి రాత్రే పాస్‌వర్డ్ మారింది, మాటలు మాత్రం సంక్రాంతి దాకా కలవలేదు.

కాబట్టి ఈ రోజే వాడటం ఆపండి. ఫోన్లలో, టీవీలో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ కొట్టండి, ఊరికే ఆఫ్ చేస్తే అవే మళ్లీ తగులుకుంటాయి. ఆ తర్వాత చెప్పాలా వద్దా అంటే, చెప్పాలి. ఆయన స్పీడు కోసం డబ్బు ఖర్చు పెట్టబోతున్నాడు గదా, ఆ ఒక్క కారణం చాలు. మీ ఆయనని ఆయన దగ్గరికి పంపడం కంటే మీరు ఆవిడతో మాట్లాడటం మేలు, మగవాళ్ల మధ్య ఇది మాటకి మాట పెరుగుతుంది. "అక్కా, పిల్లలు పాస్‌వర్డ్ ఇచ్చిపుచ్చుకున్నారు, మేం కూడా వాడేశాం, మీకు చెప్పకుండా వాడటం తప్పు, అన్నయ్య నెట్ స్లో అంటుంటే మా వల్లేమో అనిపించింది, తీసేశాం. మీరొకసారి పాస్‌వర్డ్ మార్చుకోండి" అంటే చాలు. వాళ్లబ్బాయి మీద నెపం పడకుండా చెప్పండి, ఇచ్చింది వాడే అయినా. లేకపోతే ఆ కుర్రాడికి తిట్లు, మీ వాడికి స్నేహం పోవడం, రెండూ జరుగుతాయి.

పాస్‌వర్డ్ మార్చుకోమనడం లాంఛనం కాదు. మీ వాడి ఫోన్‌లోంచి అది ఇంకెంతమందికి పోయిందో మీకు తెలీదు. ఇప్పటి ఫోన్లలో వైఫై షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, ఒకడు చూపిస్తే పక్కవాడు స్కాన్ చేస్తాడు, పాస్‌వర్డ్ కంటితో చూడాల్సిన పని కూడా లేదు. క్రికెట్ ఆడటానికి వచ్చిన పిల్లలందరికీ ఒక్క సాయంత్రంలో చేరిపోతుంది.

ఆవిడ "అయ్యో, దానికేముంది, వాడుకోండి" అనవచ్చు. మన వైపు అలా అనేవాళ్లే ఎక్కువ. అప్పుడు అనుమతి దొరికినట్టే, చట్టం గొడవ చాలావరకు తీరుతుంది. కానీ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో ఆయనకీ తెలియాలి, గెస్ట్ నెట్‌వర్క్ పెట్టించమని మీరే అడగాలి. చాలా రూటర్లలో ఆ సదుపాయం ఉంటుంది, ఆపరేటర్ కుర్రాడు వచ్చినప్పుడు పెట్టేస్తాడు. దాని పాస్‌వర్డ్ వేరు, వాళ్ల టీవీ, సీసీ కెమెరా మీకు కనబడవు, నచ్చకపోతే ఆ ఒక్కటే ఆపేసుకోవచ్చు. కొందరు మ్యాక్ అడ్రస్‌లని, అంటే ఒక్కో ఫోన్‌ని రూటర్ గుర్తుపట్టే నంబర్లని, బ్లాక్ చేస్తూ కూర్చుంటారు. ఇప్పటి ఫోన్లు ఆ అడ్రస్‌ని మార్చి చూపించగలవు కాబట్టి అది దండగ పని.

బిల్లు చెరిసగం వేసుకుందాం అనే బేరం మాత్రం వద్దంటాను. ఇంటి కనెక్షన్ ఆ ఒక్క ఇంటికే అని చాలా కంపెనీల షరతుల్లో ఉంటుంది. డబ్బు చేతులు మారితే అది నెట్ అమ్మినట్టు లెక్కకి రావచ్చు, నెట్ అమ్మడానికి మామూలుగా లైసెన్సు కావాలి. టీకొట్టువాళ్లు, కిరాణావాళ్లు చట్టబద్ధంగా వైఫై అమ్ముకోడానికి 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అనే పద్ధతి తెచ్చింది, దాంట్లో కొట్టువాడికి లైసెన్సు ఫీజు లేదు, వాడుకునేవాళ్లు తమ ఫోన్ నంబరుతో లాగిన్ అవుతారు. ఇరుగుపొరుగు ఊరికే బిల్లు చెరిసగం వేసుకోవడం దాని కిందికి రాదు.

మీ ఇంట్లో నాలుగు ఫోన్లు, ఒక టీవీ, పదో తరగతి పిల్లవాడు ఉన్నప్పుడు సొంత కనెక్షనే మంచిది. చిన్న ప్లాను నెలకి నాలుగొందల నుంచి ఆరొందల మధ్య దొరుకుతుంది, పైన 18 శాతం జీఎస్టీ. అద్దె ఇల్లు కాబట్టి ఆరునెలల ప్లాను కట్టేముందు, ఇల్లు మారితే కనెక్షన్ అక్కడికి మారుస్తారా అని అడిగి తెలుసుకోండి. బాక్సు వెనక స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్‌ని మొదటి రోజే మార్చేయండి.

చివరిగా, ఇన్ని నెలల డబ్బు వాళ్లకి ఇవ్వాలా అని మీరు అడగలేదు గానీ మీ ఆయన అడుగుతారనిపిస్తోంది. ఇస్తామని ఒకసారి అనండి. వాళ్లు వద్దంటే బలవంతపెట్టకండి. ఆపరేటర్‌ని పిలిపించినందుకు సర్వీసు చార్జీ ఏమైనా కట్టుంటే మాత్రం అది అడిగి తెలుసుకుని ఇచ్చేయండి, అది మీవల్ల అయిన ఖర్చు.